ముట్టని కాఫీ

పెట్రోలు బంకు దగ్గర కారు ఆపి నఫ్తాలీ అబూ సుహైల్ ట్రక్కులోకి ఎక్కాడు. ఎక్కినవాడు సలామ్ లేదు, షాలోమ్ లేదు, ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఇజ్రాయెల్ బండ్లకుండే ఆ పసుపు నంబరు పలక కారుతో ఊళ్ళోకి వస్తే కుర్రాళ్ళు రాళ్ళు వేస్తారు. వేయకపోతే ఎందుకు వేయలేదా అని సైన్యం అనుమానపడుతుంది. అందుకని ఈ ఏర్పాటు.

"ఎండ మండిపోతోంది," అన్నాడు అబూ సుహైల్ హీబ్రూలో. ముప్పై ఏళ్ళు అవతలివైపు, ఇజ్రాయెల్‌లో, తాపీపని చేసినవాడు. ఆ భాష తిట్లతో సహా వచ్చు.

"అవును."

"ఒంట్లో బాగుందా?"

నఫ్తాలీ తల ఊపాడు. అవునన్నాడో కాదన్నాడో తెలియలేదు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా, కాళ్ళకి రబ్బరు చెప్పులు. డెబ్బై దాటినా ఇస్త్రీ మడత చెడకుండా తిరిగే మనిషి. పరామర్శకి ఈ వాలకంతో వచ్చాడేమిటని అబూ సుహైల్‌కి కొంచెం కష్టంగానే అనిపించింది.

"మా సంఘం ఆవిడ గట్టిగా చెప్పింది," అన్నాడు నఫ్తాలీ కాసేపాగి. "పిల్ల మందు సంగతి ఎత్తొద్దంది. ఓదార్చి, పది నిమిషాలు కూర్చుని, లేచి వచ్చేయమంది."

"మంచిది. ఎత్తకు. ఎత్తావంటే మా ఆవిడ నిన్ను గుమ్మంలోంచే పంపించేస్తుంది. తీసుకొచ్చినందుకు నీ వెనకాలే నన్నూ పంపిస్తుంది."

వాళ్ళ సంఘం అంటే పెద్ద సంఘమేమీ కాదు. చెక్‌పోస్టు దగ్గర పాలస్తీనా రోగుల్ని ఎక్కించుకుని జెరూసలేం ఆసుపత్రిలో ఊరికే దింపే ముసలివాళ్ళ గుంపు. అబూ సుహైల్ మనవరాలు జుమానాకి రక్తంలో క్యాన్సరు. తొమ్మిదేళ్ళ పిల్ల. కుర్రవాళ్ళకి చెక్‌పోస్టు దాటే పర్మిట్లు రావు గనక పిల్లతో నాయనమ్మ ఉమ్ సుహైల్ వెళ్ళేది. రెండేళ్ళుగా నఫ్తాలీ కారులోనే. ఆమెకి హీబ్రూ రాదు, అతనికి అరబ్బీ రాదు. దారి పొడుగునా ఇద్దరికీ కారు కిటికీ మీదే తగువు. గాలి రావాలని అతను తీసేవాడు, పిల్లకి పడదని ఆమె మూసేది. మాటల్లేకుండా అంత తగువు పడవచ్చని వాళ్ళని చూసే జుమానా నేర్చుకుంది.

ఈ వేసవి మొదట్లో ఆమె కడగొట్టు కొడుకు ఇయాద్ ఊరి మొగలో వ్యాను టైరు మార్చుకుంటూ సైనికుల తుపాకీ దెబ్బకి పోయాడు. చేతిలో ఉన్నది జాకీ. విచారణ జరుగుతోందని సైన్యం చెప్పింది. ఇప్పటికీ జరుగుతూనే ఉంది. మట్టి ఇచ్చి వచ్చిన రోజునే ఉమ్ సుహైల్ అందరి ముందూ చెప్పేసింది, ఇక తన ఇంటి పిల్ల యూదుడి కారెక్కదని. మందు రెండు విడతలు తప్పిపోయింది. మూడోది కూడా తప్పితే జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది, అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు అని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ఆ మూడోది రేపు పొద్దున.

పిల్ల బతకాలని అబూ సుహైల్‌కి లేదా? గుండె కోసుకుపోతోంది. కానీ ఆ ఇంట్లో ఆమె మాట మీద ఇంకొకరు మాట వేయడమనేది పెళ్ళయినప్పటినుంచీ జరగలేదు. కొడుకుని పోగొట్టుకున్నాక అసలే జరగదు.

ముందుగదిలో అబూ సుహైల్ తమ్ముడు ఖైరీ కూర్చుని ఉన్నాడు. బడిపంతులుగా రిటైరై, ఊళ్ళో తగాదాలు తీర్చే పెద్దల్లో ఒకడయ్యాడు. ఏ సందర్భంలో ఎవరు ముందు లేవాలో, ఎవరు ముందు తాగాలో అతను చెప్పిందే చట్టం. యూదుడు ఇంటికి వస్తున్నాడని తెలిసి, వాడికి నాలుగు మాటలు అప్పగిద్దామని పొద్దున్నే వచ్చి కాచుకున్నాడు.

నఫ్తాలీ లోపలికి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. ఖైరీ వదులుకోలేని మర్యాద కొద్దీ మంచి కుర్చీ చూపించాడు. నఫ్తాలీ ఆ కుర్చీని చూసి, దాని పక్కనే గచ్చు మీద చతికిలబడ్డాడు. ఖైరీ నోట్లో నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి.

ఉమ్ సుహైల్ ఎదురుగోడకి ఆనుకుని కూర్చుంది. నల్ల గౌను, తెల్ల ముసుగు. అతన్ని చూసి కూడా చూడనట్టే ఉంది.

కోడలు హనీన్ కాఫీ తెచ్చింది. చావు ఇంటి కాఫీ, చక్కెర లేనిది, పిడి లేని చిన్న కప్పులో. పక్కన మంచినీళ్ళ గ్లాసు. నఫ్తాలీ రెండు చేతులతో కప్పు అందుకున్నాడు, తల వంచాడు, కప్పు తీసి ముందర గచ్చు మీద పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. ఆ కొండల్లో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. వచ్చినవాడు కాఫీ తాగకుండా ముందర పెట్టుకుంటే, ఏదో అడగడానికి వచ్చాడన్నమాట. పెళ్ళికి పిల్లనిమ్మని గానీ, తప్పు కాయమని గానీ. ఇంటివాళ్ళు సరేనంటేనే తాగుతాడు. కాదంటే తాగకుండా లేస్తాడు, అది ఆ ఇంటికి తలవంపు.

అప్పుడు వెలిగింది అబూ సుహైల్‌కి. రబ్బరు చెప్పులు, గడ్డం, పలకరింపు లేకపోవడం, నేల మీద కూర్చోవడం. ఎప్పుడో కూలిపోయిన వాళ్ళ గుడి కోసం యూదులు ఏడాదికోసారి పట్టే ఉపవాసం. ఆ రోజున తోలు చెప్పులు తొడగరు, ఒకరినొకరు పలకరించుకోరు, చీకటి పడేదాకా గుక్కెడు నీళ్ళు కూడా ముట్టరు. తాపీపని రోజుల్లో తన యూదు కాంట్రాక్టరూ ఇంతే, ముందురోజు పొద్దుగూకుతూనే ఇలాంటి చెప్పులు తొడిగేవాడు. నఫ్తాలీ ఏమీ అడగడానికి రాలేదు. ఉపవాసంలో ఉన్నాడు, అంతే.

"అన్నా," అన్నాడు ఖైరీ గొంతు తగ్గించి. "కాఫీ ముట్టలేదు."

"చూశాను."

"నీళ్ళు కూడా ముట్టలేదు. ఇది చిన్న కోరిక కాదు."

'ఉపవాసంరా' అనే మాట అబూ సుహైల్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే కాఫీ వంటింట్లోకి పోతుంది, నఫ్తాలీ పెట్రోలు బంకుకి పోతాడు, పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. అతను జీవితంలో చాలా చోట్ల నోరు మూసుకున్నాడు. మేస్త్రీల ముందు, సైనికుల ముందు, పెళ్ళాం ముందు. ఇష్టపడి మూసుకోవడం మాత్రం ఇదే మొదలు.

"ఆ కూర్చోడం చూడు," అన్నాడు ఖైరీ. "కుర్చీ వద్దన్నాడు. గడ్డం గీసుకోలేదు. కాళ్ళకి ఆ చెప్పులేమిటి? మనవాళ్ళే ఈ పద్ధతులన్నీ గాలికొదిలేశారు, ఈయనకి ఎవరు నేర్పారు?"

"ఎవరో నేర్పి ఉంటారు," అన్నాడు అబూ సుహైల్.

ఉమ్ సుహైల్ మొదటిసారి నోరు విప్పింది. "ఏం కావాలో అడగమను."

అబూ సుహైల్ ఉన్నది ఉన్నట్టు హీబ్రూలో చెప్పాడు. నఫ్తాలీ కంగారుపడ్డాడు. "నాకేమీ వద్దు. అడగడానికి రాలేదు. మీ అబ్బాయి పోయాడని వచ్చాను."

అబూ సుహైల్ దాన్నీ ఉన్నది ఉన్నట్టు అరబ్బీలో చెప్పాడు. ఒక్క అక్షరం మార్చలేదు.

"అదీ మర్యాద," అన్నాడు ఖైరీ. "మొదటి మాటకే అడిగేసేవాడు అడ్డగాడిద. విన్నావా వదినా?"

"విన్నాను. నువ్వు కాసేపు ఊరుకో ఖైరీ," అంది ఉమ్ సుహైల్. నఫ్తాలీ వైపు తిరిగింది. "నా కొడుకుని చంపినవాళ్ళు పంపిస్తే వచ్చాడేమో అడుగు."

ఆ ప్రశ్నని ఇంకో భాషలోకి మార్చడం అబూ సుహైల్‌కి కష్టమైంది. మార్చాడు.

"నన్నెవరూ పంపలేదు," అన్నాడు నఫ్తాలీ. "ఎవరు కాల్చారో నాకు తెలీదు. మా వీధి కుర్రాళ్ళు చాలామంది సైన్యంలో ఉన్నారు. ఎదిగే వయసు నుంచీ చూసినవాళ్ళే. వాళ్ళలో ఒకడైనా కావచ్చు. కాదని నేను ఒట్టు వేయలేను."

అబూ సుహైల్ అదీ అరబ్బీలో చెప్పాక, ఖైరీ దీనికి ఏ పద్ధతి ప్రకారం ఏం అనాలో తెలియక మీసం సవరించుకున్నాడు. లోపలిగదిలో జుమానా దగ్గింది. పెద్దవాళ్ళు నలుగురూ ఆ దగ్గు ఆగేదాకా ఆగారు.

"చలికాలంలో నీ చెల్లెలి మనవడు పోయాడు," అంది ఉమ్ సుహైల్. ఈసారి మొగుణ్ణి చెప్పమనలేదు, సూటిగా అతనితోనే అంది. "మావాళ్ళ చేతుల్లో పోయాడు. మర్నాడే నువ్వు మా కోసం చెక్‌పోస్టుకి వచ్చావు. నేను ఒక్క మాట కూడా అనలేదు."

అబూ సుహైల్ చెప్పాడు. నఫ్తాలీ తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఆ రోజు కిటికీ మూయలేదు ఆవిడ," అన్నాడు. "జెరూసలేం దాకా తీసే ఉంచింది. నాకు తెలిసింది."

అబూ సుహైల్ ఆ మాట అరబ్బీలో అందించాడు. ఉమ్ సుహైల్ ముసుగు చివర వేలికి చుట్టింది, విప్పింది. కాఫీ చల్లారిపోతోందని ఖైరీ రెండుసార్లు దగ్గాడు, ఒక్కసారీ ఎవరూ పట్టించుకోలేదు.

"తాగమను," అంది చివరికి. "వచ్చిన పని అయిందని చెప్పు. రేపు పిల్లని తీసుకుని వస్తాను."

అబూ సుహైల్ నఫ్తాలీ వైపు తిరిగాడు. "రేపు తెల్లారేసరికి చెక్‌పోస్టు దగ్గర ఉండు నఫ్తాలీ. జుమానా వస్తోంది."

నఫ్తాలీ అతన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. సంఘం ఆవిడ చెప్పినట్టు తను మందు మాటే ఎత్తలేదు, అయినా ఇదెట్లా జరిగిందో అతనికి అంతుపట్టలేదు. కళ్ళు తడయ్యాయి. చేత్తో తుడిచేసుకున్నాడు.

"ఇప్పుడు ఆ కాఫీ తాగు."

"నేను ఉపవాసం."

"తెలుసు."

"చీకటి పడేదాకా నీళ్ళు కూడా..."

"తెలుసయ్యా. నువ్వు తాగితేనే ఆవిడ ఇచ్చిన మాట ఇచ్చినట్టు. తాగకపోతే లేదు."

నఫ్తాలీ కప్పు వంక చూశాడు. అతను పెద్ద భక్తుడేం కాదు. శనివారం కారు నడుపుతాడు, గుడి మొహం చూసి ఏళ్ళయింది. ఈ ఒక్క ఉపవాసం మాత్రం పదమూడో ఏట తండ్రి చెయ్యి పట్టుకుని మొదలుపెట్టాడు. సైన్యంలో ఎడారి ఎండలో మాడుతూ కూడా వదల్లేదు. తండ్రికి అతను చెల్లిస్తూ వచ్చినది ఇదొక్కటే.

"చక్కెర ఉందా?" అన్నాడు.

"లేదు."

కప్పెత్తి తాగేశాడు. చేదుకి మొహం ముడుచుకుపోయింది. ఖాళీ కప్పు ముందుకు చాచాడు. చాలనుకునేవాడు కప్పుని కాస్త ఊపి ఇవ్వాలి. ఊపకపోతే ఇంకా కావాలనే అర్థం. హనీన్ మళ్ళీ నింపింది. కాదంటే మాట వెనక్కి పోతుందేమోనన్న భయంతో అది కూడా తాగాడు. మూడోది నింపుతుంటే అతని మొహం చూసి అబూ సుహైల్‌కి జాలేసింది. "ఊపు, కప్పు ఊపు," అన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా," అన్నాడు నఫ్తాలీ. మూడోది తాగి, ఊపాడు.

ఖైరీ లేచి అతని భుజం తట్టాడు. "పద్ధతి తెలిసిన మనిషి," అని అన్నతో చెప్పాడు. "మూడు కప్పులు. రెండో మాట లేదు."

నఫ్తాలీని పెట్రోలు బంకు దగ్గర దింపి అబూ సుహైల్ తిరిగొచ్చేసరికి ఖైరీ వెళ్ళిపోయాడు. ఈ కబురు ఊరంతా చెప్పాలి గనక తొందరగానే వెళ్ళాడు. ఉమ్ సుహైల్ అదే గోడకి ఆనుకుని అలాగే కూర్చుని ఉంది.

"పాపం, నిన్న పొద్దుగూకిందగ్గర్నుంచీ పచ్చి మంచినీళ్ళు లేవు ఆయనకి," అంది.

అబూ సుహైల్ చెప్పులు విప్పుతున్నవాడు ఒక చెప్పుతోనే ఆగిపోయాడు. "నీకెట్లా తెలుసు?"

"ఏటా ఎండాకాలం ఆ రోజున మీ కాంట్రాక్టరు పని మూసేసేవాడు. నువ్వు పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని నా కూరకి వంకలు పెట్టేవాడివి. ముప్పై ఏళ్ళు పెట్టావు. మరిచిపోతానా?"

"తెలిసే అడగమన్నావా?"

"నువ్వు తెలిసే నోరు మూసుకోలేదూ?"

అతను రెండో చెప్పూ విప్పాడు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"పిల్లని పంపాలని నాకు లేదనుకున్నావయ్యా?" అంది ఉమ్ సుహైల్. "దాని ఒళ్ళు తడిమి చూసుకోని గంట లేదు. కానీ నా అంతట నేను పోయి ఆ కారెక్కితే, రేపు వాడి సమాధి దగ్గర కూర్చుని ఏం చెప్పను? ఎవరో ఒకరు వచ్చి అడగాలి. పదిమందిలో అడగాలి. అడిగేవాడు కనపడలేదు ఇన్నాళ్ళూ."

"ఆయన తాగకపోయి ఉంటే?"

"పంపేదాన్ని కాదు."

కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే మాట్లాడింది.

"దేవుడి దగ్గర మాట పోగొట్టుకున్నాడు, నా పిల్ల కోసం. అది చాలదు. దేనికీ చాలదు. నా కొడుకుని అడక్కుండా తీసుకున్నారు. ఈయన్ని అడిగితే ఇచ్చాడు."

మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచి, రేపటి ప్రయాణానికి పిల్ల తల రుద్దడానికి లోపలికి వెళ్ళింది.