బాణాలాయన మెచ్చిన దగ్గు

మా మనవరాలు గువ్వ కంప్యూటర్ ఆటలు తయారుచేస్తుంది. ఆడదు, తయారుచేస్తుంది. ఈ తేడా చుట్టాలకు చెప్పీ చెప్పీ నా నోరరిగింది. "ఇంత చదివించింది ఆటలాడుకోడానికా వదినా?" అని మా ఆడపడుచు ఇప్పటికీ దీర్ఘం తీస్తుంది. ఆవిడ కొడుకు ఆఫీసులో కూర్చుని రోజంతా పేకాట ఆడతాడు. దాన్ని మాత్రం ఉద్యోగం అంటుంది.

గువ్వ కట్టిన ఆటలో ఒక పాత మేడ ఉంది. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఒక పిల్ల అందులోకి వెళుతుంది. ముందుకు పోయే తలుపు బీరువా వెనక ఉంటుంది. ఆ సందులోంచి సన్నగా వెలుతురు పడుతుంది. అది చూసి ఆడేవాళ్లే తెలుసుకోవాలని గువ్వ పట్టు. వాళ్ల పెద్దసారుకేమో దారి చూపే బాణం గుర్తుల పిచ్చి. మెట్లకో బాణం, కిటికీకో బాణం, ఆ బాణానికి దారి చూపించడానికి ఇంకో బాణం. ఆయన్ని ఆఫీసులో అందరూ బాణాలాయన అంటారు, ఆయన లేనప్పుడు.

చివరికి ఆయనే తీర్పు చెప్పాడు. ఎన్నడూ ఆట ముట్టని మనిషిని తెచ్చి కూర్చోబెడదాం. తలుపు దొరికితే బాణం ఉండదు. దొరక్కపోతే బాణం పడుతుంది, గువ్వ మేడలు కట్టడం మానేసి 'కొనండి' అనే మీటలకు రంగులేసే జట్టులోకి పోతుంది.

ఎన్నడూ ఆట ముట్టని మనిషి ఎవరా అని చూస్తే, ఇంట్లో ఊరికే ఉన్నాను కదా, నేనే దొరికాను.

గదిలో ఒక సోఫా, గోడంత టీవీ, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ మొక్క. ఆట కట్టినవాళ్లు వెనక కుర్చీలో కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదట. బాణాలాయన పక్కగదిలో ఇంకో టీవీ ముందు, చెవులకు డిప్పలు తగిలించుకుని చూస్తాడు, వింటాడు.

చేతిలో మీటల డబ్బా పెట్టారు. పిల్లను నడిపించబోతే గోడకు గుద్దుకుంది. "అయ్యో తల్లీ" అన్నాను. మెట్లెక్కించాను, దింపాను. ఎటు తిప్పినా వంటగదికే పోతోంది, నా చేతి అలవాటు! మధ్యలో లేచి టీవీ మీది మరకొకటి కొంగుతో తుడిచాను కూడా. బీరువా పక్కనుంచి పోతుంటే నా వెనక కుర్చీలోంచి చిన్న దగ్గు వినిపించింది.

ఆ దగ్గు నాకు తెలుసు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో గువ్వ బ్రహ్మాండంగా దాక్కునేది, ఎవరూ కనిపెట్టకపోతే మాత్రం ఏడుపొచ్చేది. అందుకని నేను దగ్గరికి రాగానే దగ్గేది. బుద్ధులు ఎక్కడికి పోతాయి? బీరువా నెట్టాను. తలుపు!

బాణాలాయన పరుగున వచ్చాడు. మా పని అయిపోయిందనుకున్నాను.

"గోడవతల ఆ దగ్గు! ఒళ్లు జలదరించింది! ఎవరి ఆలోచన అది?"

గువ్వ ముఖం పాలిపోయింది. "సార్, అది ఆటలోది కా..."

దాని కాలు తొక్కాను. "మా పిల్లదే బాబూ. పొగడ్త అంటే దానికి సిగ్గు."

అబద్ధం ఏముంది అందులో? దగ్గు దానిదేగా.

బాణం పోయింది. గువ్వ మేడలోనే నిలిచింది. ఆ దగ్గు కోసం దాన్ని రికార్డింగ్ చేసే అద్దాల గదిలో నిలబెట్టి గొంతు బొంగురుపోయేదాకా దగ్గించారు. ఆట బయటికొచ్చాక బాణాలాయన సభలెక్కి, బాణాలంటే తనకు మొదటినుంచీ గిట్టవని చెబుతున్నాడు. ఇప్పుడు వాళ్ల ప్రతి ఆటలోనూ ఎవరో ఒకరు దగ్గాలట. వచ్చే ఆటలో గుర్రం దగ్గుతుందట.

"ఉద్యోగం నిలిచిందిగా, ఇంకా ఆ మూతిముడుపేమిటే?" అన్నాను ఇంటికొచ్చిన గువ్వతో.

"నా వెలుతురు ఒక్కరూ చూడలేదు అమ్మమ్మా. బీరువా పక్కన, నిలువుగా, సన్నగా... దానికోసం ఎంత కష్టపడ్డానో."

"అదా! మరకనుకుని తుడిచాను కదే. ఎంత రుద్దినా పోదే! మీ ఆఫీసులో శుభ్రం లేదనుకున్నాను."

గువ్వ నా వైపు తిరిగింది. "చూశావా? నిజంగా?"

"చూడకుండా ఎలా తుడుస్తానే?"

అది నా ఒళ్లో తల పెట్టుకుని నవ్వింది, పొలమారేదాకా నవ్వింది. ఈసారిది నిజం దగ్గు.