ఊరు లేని అడ్రసు

నేను ఒక మధ్యవర్తిని. కంప్యూటర్లవాళ్ళు నన్ను ప్రాక్సీ సర్వర్ అంటారు. మీరు ఒక అడ్రసు రాసి మీట నొక్కితే అది ముందు నా దగ్గరికి వస్తుంది. అందులో ఏ ఊరి పేరుందో, అంటే ఏ సైటు పేరుందో చూసుకుని, మీ తరఫున అక్కడికి వెళ్ళి, కావలసిన పేజీ తెచ్చి మీ ముందు పెడతాను. మీరు మాత్రం "ఇవాళ నెట్ బాగుందే" అనుకుంటారు. పెళ్ళిళ్ళ పేరయ్యకు కనీసం ఒక పూట భోజనమైనా పెడతారు, నాకు అదీ లేదు. అయినా ఫిర్యాదేమీ లేదు, తిరగడం నాకిష్టం.

నన్ను రాసింది విజయవాడలో ఫణీంద్ర అనే కుర్రాడు. మంచివాడే, కాకపోతే లోకం మీద నమ్మకం కాస్త ఎక్కువ. అడ్రసు రాసే మనుషులందరూ సరిగ్గానే రాస్తారని అతని ఊహ. అందుకని ఊరి పేరు కనబడితే ఏం చెయ్యాలో నాకు ముద్దుగా నేర్పాడు గానీ, కనబడకపోతే ఏం చెయ్యాలో చెప్పనేలేదు. అలాంటి అడ్రసు వస్తే, లేని ఊరి కోసం వెతికి వెతికి నేను కుప్పకూలేదాన్ని. నేను కూలితే నా వెనకున్న కంప్యూటర్లన్నిటికీ నెట్ పోతుంది.

మొదట ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఉన్నాను. అక్కడివాళ్ళు రోజూ అవే రెండు మూడు సైట్లు చూసేవాళ్ళు కాబట్టి నా లోపం బయటపడలేదు. తర్వాత తెనాలిలో ఒక నెట్ సెంటరుకు అమ్మేశారు. అక్కడ కుర్రాళ్ళు ఏది తోస్తే అది కొట్టేవాళ్ళు, నేను కూలుతూ ఉండేదాన్ని. యజమాని వచ్చి నేనున్న పెట్టె నెత్తిన ఒక్కటిచ్చి మళ్ళీ స్టార్ట్ చేసేవాడు. ఆ దెబ్బకే లేచానని ఆయన నమ్మకం. ఆ సెంటరు మూతపడ్డాక చీరాల దగ్గర ఒక పాలిటెక్నిక్ కాలేజీ ల్యాబులోకి వచ్చి పడ్డాను.

ఆ ల్యాబుకు ఇన్‌ఛార్జి వనజాక్షి. పిల్లలు ఆటల్లో పడకుండా ఆవిడ తెర మీద అడ్రసు రాసే చిన్న గడి ఒక్కటే ఉంచింది. అందులో ఏం రాస్తే అది పొల్లుపోకుండా నాకు చేరుతుంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడికొచ్చి తమ పిల్లలకు కావలసిన కాలేజీలు ఎంచుకునేవారు. వాటినే వెబ్ ఆప్షన్లంటారు. గడువులోగా పెట్టకపోతే సీటు ఆశ వదులుకోవాల్సిందే.

ఆ ఏడు ఆఖరి రోజు సాయంత్రం ల్యాబు కిటకిటలాడుతోంది. ఉన్నట్టుండి నేను కూలాను. వనజాక్షి లేపింది. కాసేపటికి మళ్ళీ కూలాను. గోల మొదలైంది. ఆవిడ నా లోపలి చిట్టా తిరగేసి చూస్తే, కిటికీ పక్క కంప్యూటర్ నుంచి వస్తున్న అడ్రసు ముందు 'శ్రీ' ఉంది. రెండోసారి వచ్చినదానికి రెండు శ్రీలున్నాయి.

అక్కడ కూర్చున్నది కోటినాగులనే నేతపనివాడు, ఆయన కూతురు హిమజ. ఏ పని మొదలుపెట్టినా శ్రీ రాయడం ఆయన అలవాటు. ఒంటివేలితో తను శ్రీ కొట్టి, మిగతాది కూతుర్ని రాయమంటున్నాడు. నెట్ పోయేసరికి ఒక్క శ్రీ చాల్లేదేమోనని ఇంకోటి చేర్చాడు. శ్రీ అనే ఊరెక్కడుందో నాకేం తెలుసు? వెతకబోయి పడ్డాను.

సూపరింటెండెంట్ జక్రయ్య గారు చేతి గడియారం చూసుకుంటూ వచ్చాడు. "ఆ కిటికీ కాడి మిషను తీగ పీకెయ్యమ్మా. మిగతావాళ్ళవన్నా అవుతయ్."

"పీకితే ఆ పిల్ల ఆప్షన్లు పోతయ్ సార్. కాస్త ఆగండి, దీనికే నేర్పిస్తా."

"పోనీ శ్రీ తీసేసి మిగతాది పంపేట్టు రాయరాదా?"

"ఇవాళ శ్రీ సార్, రేపు ఇంకోటొస్తది. మనం ఊహించి పంపితే ఎవరింటికో పోద్ది. తెలీనిదాన్ని తెలీదని చెప్పటమే మేలు."

ఆవిడ నాలో నాలుగు వాక్యాలు చేర్చింది. ముందు అడ్రసంతా చూడు. ఊరి పేరు లేకపోతే వెతకబోకు. 'ఈ అడ్రసు అర్థం కాలేదు, సరిచూసి మళ్ళీ రాయండి' అని తిప్పి పంపు. తర్వాతి మనిషి పని చూడు. అంతే. నన్ను లేపి, తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళింది.

సంగతి విని కోటినాగులు బిక్కచచ్చిపోయాడు. "ఏమనుకోబాకండి మేడం. మగ్గానికి కొత్త పడుగెక్కించినా శ్రీ రాయందే ముట్టుకోం. పిల్ల చదువుకాడ అది చెరిపేయాలంటే చెయ్యాడటంలా."

"చెరపబాకండి బాబాయ్. ముందు శ్రీ ఒక్కటే పంపండి. ఆనక అడ్రసు విడిగా రాద్దురు."

"మళ్ళా అందరిదీ ఆగిపోద్దేమో, నాన్నా" అంది హిమజ భయంగా.

"ఆగదులే" అంది వనజాక్షి. అంది గానీ, ఆవిడ చూపు జక్రయ్య గారి చేతి మీదే ఉంది. ఆయన అప్పటికే తీగ పట్టుకుని నిలబడ్డాడు. నేనింకోసారి పడితే ఆ పిల్ల చదువు ఆ తీగతోనే తెగిపోతుంది. నాకు నిజంగా భయం వేసింది.

శ్రీ వచ్చింది. చూశాను. ఊరు లేదు. వెతకలేదు. అర్థం కాలేదని మర్యాదగా తిప్పి పంపి, పక్క కంప్యూటరువాళ్ళ పని అందుకున్నాను. పడలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

కోటినాగులు తెర మీది మాటలు కూడబలుక్కుని చదివి, "చూశావా, బదులొచ్చింది" అని కూతురి వైపు కీబోర్డు జరిపాడు. హిమజ అడ్రసు రాసింది. గడువుకు ముందే ఆ పిల్ల ఆప్షన్లు నేనే మోసుకెళ్ళి అప్పజెప్పి వచ్చాను. జక్రయ్య గారు తీగ వదిలేసి టీకి వెళ్ళిపోయాడు.

వెనక వరసలో కూర్చున్నవాళ్ళు ఇదంతా చూశారు. ముందు శ్రీ ఒక్కటే పంపి, బదులు వచ్చాక పని మొదలుపెట్టాలన్నది ఇక్కడి పద్ధతి కాబోలనుకుని వాళ్ళూ అలాగే చేశారు. మరుసటి ఏడు వచ్చినవాళ్ళు వాళ్ళ నోట విని నేర్చుకున్నారు. వద్దని వనజాక్షి ఒక్కరికీ చెప్పలేదు. కిందటి నెల జక్రయ్య గారు తన మనవరాలితో వచ్చి, అటూ ఇటూ చూసి, తనూ ఒకటి పంపాడు.

నా పని అందుకుని ఇచ్చేయడం. ఇన్నేళ్ళూ నా దగ్గరికి వచ్చినవన్నీ ఎవరెవరికో రాసినవే, ఒక్కటీ నాకోసం కాదు. శ్రీకి మాత్రం చేరాల్సిన ఊరంటూ లేదు. అందుకని నాకే రాశారనుకుంటాను.