తాళం వేసిన షెడ్డు

మధ్యాహ్నం కరెంటు పోగానే నగరి ఊళ్లో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. వెంటనే మా షెడ్డు తలుపుకు బయటినుంచి తాళం పడింది. కరెంటు లేనప్పుడు ఇళ్లకు పోతే పనివాళ్లు మళ్లీ వేళకు రారని యజమాని పరంధామయ్య పెట్టిన పద్ధతి అది.

మగ్గాలు ఆగాక వీధి మలుపులో ఇంటినుంచి పసిబిడ్డ ఏడుపు వినపడింది. నాగులమ్మ లేచి కిటికీ ఊచలు పట్టుకుంది.

"తలుపు తియ్యప్పా. బిడ్డకు పాలిచ్చి వస్తా."

బయటున్న మేస్త్రీ వరదయ్య తాళంచెవి మొలలో దోపుకున్నాడు. "కరెంటొస్తే నీ మగ్గం ఎవురు నడుపుతారు? గమ్మునుండు."

ఆమె రవిక తడిసిపోతోంది. మగవాళ్లం పక్కకు తిరిగాం. సిగ్గేసింది, కానీ సిగ్గుపడితే తాళం ఊడదు కదా.

అప్పుడే ఏకాంబరన్న సైకిలు దిగాడు. ఒకప్పుడు మా మధ్యే మగ్గం నడిపినవాడు. సమ్మెలో పని పోయింది, ఎమర్జెన్సీలో జైలుకు పోయి వచ్చాడు. అప్పటినుంచి యూనియను, రాత, అంతే. మా బతుకుల మీద కరపత్రాలు రాసి అచ్చు వేయించేవాడు. మాలో చదువొచ్చినవాళ్లు తక్కువ. మగ్గాలు నడుస్తుంటే పక్కవాడి కేకైనా వినపడదు. అందుకని కరెంటు పోయినప్పుడల్లా వచ్చి కిటికీ దగ్గర చదివేవాడు. యజమాని వేసిన తాళమే ఆయనకు జనాన్ని కూర్చిపెట్టేది. నిజం చెప్పాలంటే, సగంమందిమి వింటూ కునుకు తీసేవాళ్లం.

"ఎన్నేండ్లు సదువుతావన్నా?" అన్నాడు శాంతయ్య ఆవలిస్తూ. "మేం మారేది ల్యా, ఆ పరంధామయ్య మారేది ల్యా."

"నాకూ ఇసుగు పుట్టి యాష్టకొచ్చిందప్పా," అన్నాడు ఏకాంబరన్న. గోడకు ఆనుకుని చాలాసేపు దగ్గాడు. నాకు జాలేసింది. ఈయన ఇక ఇంటికి పోతే బాగుండుననిపించింది.

దగ్గు తగ్గాక ఆయన నాగులమ్మను చూశాడు. బిడ్డ ఏడుపు విన్నాడు. తెచ్చిన కరపత్రాన్ని ఖాళీగా ఉన్న వెనకవైపుకు తిప్పాడు.

"నువ్వు సెప్పమ్మా. రాస్తా."

ఆమె మా అందరికీ వినపడేలా చెప్పింది. మోకాలి మీద పెట్టుకుని రాసి, గట్టిగా చదివాడు.

"నా పేరు నాగులమ్మ. నా బిడ్డ ఆడ ఏడస్తా ఉండాది. పాలు నాకాడ ఉండాయి. నడిమిట్లో తాళముండాది. మేం అడిగేదేమంటే..."

ఆ రోజు ఎవరూ కునుకు తీయలేదు.

ఆ మాట పూర్తికాకముందే వరదయ్య కబురుతో జీపు వచ్చింది. జనాన్ని రెచ్చగొడుతున్నాడని పోలీసులు ఏకాంబరన్న చేతిలో కాగితం లాక్కుని, ఆయన్ను ఎక్కించుకుపోయారు.

కాసేపటికి బల్బు వెలిగింది. చుట్టుపక్కల షెడ్లు మోత మొదలుపెట్టాయి. మా షెడ్డులో ఒక్క చెయ్యీ స్విచ్చి మీదికి పోలేదు. వరదయ్య బెదిరించాడు, తిట్టాడు, చివరికి బతిమాలాడు.

"ముందు తాళం తియ్యి," అన్నాడు శాంతయ్య.

తీశాడు. నాగులమ్మ ఇంటికి పరిగెత్తింది. మేమంతా స్టేషనుకు నడిచాం.

ఏకాంబరన్న ఊచల వెనక నేల మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా లేవలేకపోయాడు. ఇంతలో నాగులమ్మ బిడ్డకు కొంగు కప్పి పాలిస్తూనే వచ్చింది.

"నడిమిట్లో ఆపేస్తివి. తక్కింది సదువన్నా."

"కాగితం ల్యాదమ్మా. లాక్కున్నారు."

"పోతే పోనీలే. మాకు గుర్తుండాది." ఆమె స్టేషను గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టింది. "నా పేరు నాగులమ్మ."

"నా పేరు శాంతయ్య," అన్నాడు పక్కనుంచి శాంతయ్య.

ఒకరి తర్వాత ఒకరం పేర్లు చెప్పాం. పోలీసులు మమ్మల్ని బయటికి నెడుతుంటే, ఆయన చదవలేకపోయిన మాట అందరం కలిసి పూర్తిచేశాం.

"రేపట్నించి తాళమేస్తే మగ్గం నడవదు."