జపాను సట్లు

పుంగనూరులో కమలాక్షి మేడమ్ ఇల్లెక్కడని అడిగితే అంగళ్ళ వీధిలో ఎవరైనా చెప్తారు. "జపాను సట్ల ఇల్లా?" అని ఎదురడిగి మరీ చూపిస్తారు. సట్లంటే అక్కడి మాటలో కుండలు. ఆ పేరు పెట్టింది పరాయివాళ్ళు కాదు, ఆమె మొగుడు పురుషోత్తమే. బస్టాండు దగ్గర విత్తనాలు, ఎరువుల అంగడి ఆయనది. టమోటా నారు కోసం వచ్చిన రైతులను కూడా కూర్చోబెట్టి, మా ఆవిడ కుండల పిచ్చి ఇంతా అంతా కాదని చెప్పుకుని నవ్వేవాడు. నవ్వడం వరకే. వద్దని ఏనాడూ అనలేదు.

ఆ పిచ్చి మొదలైంది హార్స్లీ హిల్స్ మీద. కమలాక్షి మదనపల్లెలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. పిల్లలకు చెట్లు చూపించడానికి కొండమీదికి తీసుకుపోయినప్పుడు, గెస్ట్‌హౌస్ వరండాలో ఒక జపాను ఆవిడ టీ తాగుతూ కనబడింది. మొగుడికి బెంగళూరులో ఉద్యోగమట, నాలుగు రోజులు చల్లగా ఉందామని కొండెక్కారట. ఆవిడ చేతిలో గిన్నెకు చెవి లేదు. అంచు కాస్త వంకర. రంగు చూస్తే తుప్పు పట్టిన ఇనుము. కమలాక్షి చెట్లనూ పిల్లలనూ వదిలేసి దాన్నే చూస్తూ నిలబడిపోయింది. జపాను పల్లెల్లో కుమ్మరులు ఇంటి వాడకానికి చేసే సరుకు ఇదని, చక్రం మీద చేత్తో తీసి ఆవంలో కాలుస్తారని, చేసినవాడు తన పేరు కూడా దానిమీద వేసుకోడని ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. పోతూ పోతూ ఆ గిన్నెను ఈమె చేతిలో పెట్టి, దాచొద్దు, రోజూ వాడుకో అంది.

కమలాక్షి ఆ చివరి మాట తప్ప మిగతావన్నీ విన్నది. గిన్నెను ఇంటికి తెచ్చి హాల్లో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది.

తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ ఆ బీరువా నిండింది. జపాను ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ ద్వారా, వాళ్ళు దేశానికి వెళ్ళిపోయాక ఇంటర్నెట్లో వెతికి, ఎక్కడో ఒక లోయలో నాలుగైదు కుటుంబాలు చేసే పళ్ళేలు, ఏ పూతా లేకుండా మంటే రంగులు వేసిన కూజాలు తెప్పించుకుంది. పార్సెల్ బెంగళూరులో ఆమె పినతల్లి కూతురి ఇంటికి వచ్చేది. అక్కడినుంచి రైల్లో తెలిసినవాళ్ళతో కుప్పం స్టేషనుకు. కుప్పం నుంచి పుంగనూరుకు మోసుకొచ్చేది మాత్రం పురుషోత్తమే. అంగడి పనిమీద ఎలాగూ పోతుంటానని పైకి అనేవాడు. బస్సులో అట్టపెట్టెను ఒడిలో పెట్టుకుని, పక్కవాడి మోచేయి తగలకుండా కాపు కాసుకుంటూ వచ్చేవాడు. ఇల్లు చేరగానే "ఇదో తల్లీ, నీ సట్లు" అని బల్లమీద పెట్టి స్టీలు గ్లాసులో కాఫీ అడిగేవాడు.

పిల్లలు లేని ఇల్లు. మాట్లాడుకోవడానికి వాళ్ళిద్దరికీ పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆ పెట్టె విప్పే అరగంట మాత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు.

కమలాక్షి మెత్తని మనిషే. ఒక్క విషయంలో మాత్రం ఊరుకునేది కాదు. ఇంటికి వచ్చిన చుట్టాలు మర్యాదకు "పింగాణీ సామాన్లు బలే ఉండాయే" అన్నారంటే చాలు, ఆమె మొహం మాడిపోయేది. పింగాణీ కాదు, మట్టి అని పాఠం మొదలయ్యేది. పింగాణీ మిషన్లో అచ్చు పోసినది, వందకు వంద ఒకటే తీరు, దానికి ప్రాణం ఉండదు. ఇది మట్టి, మనిషి ముట్టి చేసినది. తాళం తీసి ఒక పళ్ళెం బయటికి తెచ్చి, పూతలో ముంచేటప్పుడు కుమ్మరి పట్టుకున్న చోట మిగిలిన వేలి గుర్తులు చూపించేది. చక్రం తిరుగుతుంటే ఉలి ఎగిరెగిరి పడి చేసిన గీట్లు చూపించేది. ఆ వీధిలో ఆ పాఠం వినని ఆడమనిషి లేదు. మెచ్చుకున్న మనిషిని కూర్చోబెట్టి తప్పు దిద్దడం మేష్టర్లకే చెల్లు.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం పురుషోత్తం భోజనానికి వచ్చి, ఆ బీరువా ఎదురుగా సోఫాలో కూర్చుని, ఛాతీ పట్టేసినట్టుంది, మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఆమె నీళ్ళు తెచ్చేలోపల పక్కకు ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తీసుకుపోవడం, వాళ్ళు పెదవి విరవడం అన్నీ అయిపోయాక, తెచ్చి ఆ హాల్లోనే, ఆ బీరువా పక్కనే, దక్షిణానికి తల పెట్టి పడుకోబెట్టారు.

సోమల నుంచి ఆడబిడ్డ నంజమ్మ దిగింది. పురుషోత్తానికి అక్క. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆవులూ మేకలూ కాసుకుంటూ పొలం చేసుకునే ఇల్లు ఆమెది. ఒకరిని నొప్పించే మాట నోట రాదు. ఏడవాల్సింది ఏడ్చి, కొంగు బిగించి, ఇల్లంతా చేతిలోకి తీసుకుంది. కర్మాంతరం అయ్యేదాకా బయటికి రాకూడదని కమలాక్షిని లోపలి గదిలో మూలన కూర్చోబెట్టింది. ఇలాంటి వాటిని చూసి ఇన్నేళ్ళూ నవ్వుకున్న కమలాక్షి ఎదురు చెప్పలేదు. పోట్లాడే ఓపిక లేదు. వాళ్ళ తమ్ముడు, వాళ్ళ పద్ధతి, ఈ కొద్దిరోజులూ వాళ్ళ ఇష్టం అనుకుంది. నిజం చెప్పాలంటే ఆ మూల ఆమెకు హాయిగానే ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు.

కర్మాంతరానికి ముందురోజు ఇల్లు శుద్ధి పెట్టుకున్నారు. గోడలు దులపడం, గదులు కడగడం, ఇత్తడీ రాగీ చింతపండేసి తోమడం. ఆ హడావుడిలో నంజమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కమలమ్మా, ఆ అద్దాల బీరువాలో ఉండేవి పింగాణీవా, మట్టివా? సరిగ్గా సెప్పుమ్మా."

కమలాక్షి తల ఎత్తింది. ఇన్ని రోజుల్లో ఆమెకు జవాబు తెలిసిన ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదలు.

"మట్టివి వదినా. ఒక్కటి గూడా పింగాణీ కాదు. అన్నీ చేత్తో చేసినేవి."

అని ఊరుకుందా? లేదు. చావింట్లో మూలన కూర్చున్నదల్లా, పూత ఉంటే పింగాణీ అనుకుంటారు గానీ లోపలంతా మట్టేనని, అడుగు తిప్పి చూస్తే తెలుస్తుందని కూడా చెప్పింది. నంజమ్మ ఓపిగ్గా అంతా విని, మంచిదమ్మా, తాళం యాడుండాది అని అడిగి వెళ్ళింది. కమలాక్షికి ఆ రోజు మొదటిసారి కాస్త ప్రాణం లేచొచ్చినట్టయింది. దుమ్ము తుడుస్తారు కాబోలు అనుకుంది.

కాసేపటికి హాల్లోంచి గోతంలో సామాన్లు వేస్తున్న చప్పుడు వినబడింది. ఒకదానిమీద ఒకటి. కమలాక్షికి అప్పుడు అర్థమైంది. అర్థం కావడానికి కొత్తగా తెలుసుకోవలసినది ఏమీ లేదు. చిన్నప్పుడు అవ్వ పోయినప్పుడు వాళ్ళ ఇంట్లోనూ ఇదే చేశారు. చావు జరిగిన ఇంట్లో లోహం తోముకుంటే సరి, గాజూ పింగాణీ కడుక్కుంటే సరి, మట్టి మాత్రం మైల పీల్చుకుంటుంది, దాన్ని పగలగొట్టి ఊరి బయట పారేయాలి. ఇంత చదువు చదివిన మనిషికి, నోరు తెరిచే ముందు అది ఒక్క క్షణం గుర్తు రాలేదు. పింగాణీ అని ఒక్క మాట అబద్ధమాడి ఉంటే సరిపోయేది.

లేచి గుమ్మం దాటి హాల్లోకి వచ్చింది. ఆడవాళ్ళు ఇద్దరు పరిగెత్తుకొచ్చి, రాకూడదు లోపలికి పోమ్మా అంటూ చెయ్యి పట్టుకున్నారు. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అంగట్లో హమాలీ పని చేసే మల్లప్ప రెండు గోతాలు వాకిట్లో ట్రాలీ ఆటోలోకి ఎత్తుతున్నాడు.

"వదినా, అవి పింగాణీవే. నేను తప్పు చెప్పినా."

నంజమ్మ దగ్గరికి వచ్చి ఆమె గడ్డం పట్టుకుంది. ఆ కళ్ళలో కోపం లేదు, ఉంటే కమలాక్షి పోట్లాడేదేమో.

"నువ్వు తప్పు సెప్పేదానివి కాదు కమలమ్మా. ఎన్ని ఏండ్ల నుంచి సెప్తాండావు, ఇవి మట్టివి మట్టివి అని. ఇప్పుడు మనసు ఒప్పక అంటాండావు, నాకు తెల్దా? ఆ సట్లన్నీ మావోడు మోసకొచ్చినేవే గదా. వాటి పక్కనే గదా పండుకున్న్యాడు. అవి ఈడ ఉంటే వాడు ఇల్లిడిసి యాడికి పోతాడు? పోనీమ్మా వాన్ని."

ఏమంటుంది? మొగుడు పోతే పోయాడు, నా గిన్నెలు నాకివ్వండి అనాలి. అంతమంది ముందు ఆ మాట అనడానికి కావలసిన మొండితనం ఆమెకు లేదు. అక్కడే గోడకు జారిపడి బోరున ఏడ్చింది. ఇన్ని రోజులూ రాయిలా కూర్చున్న మనిషి ఇప్పటికి ఏడ్చింది, మంచిదే, గుండె బరువు దిగుతుంది అని ఆడవాళ్ళు వీపు నిమిరారు. ఆ ఏడుపు ఆయన కోసం కాదని ఆమెకు తెలుసు. ఆయన కోసం ఇంకా ఏడవలేదనీ తెలుసు. ఆ సిగ్గుకు మరింత ఏడ్చింది. బయట ఆటో వెళ్ళిపోయింది.

కర్మాంతరం అయింది. చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నంజమ్మ అందరికన్నా చివర వెళ్ళింది. ఖాళీగా ఉంటే బాగుండదని, తోమిన స్టీలు డబ్బాలు ఆ బీరువాలో వరసగా సర్ది, వాటి ముందు ఎవరో పెళ్ళికి చదివించిన గులాబీపూల టీ కప్పుల సెట్టు పెట్టి వెళ్ళింది. అవి అసలైన పింగాణీ. ఎన్నో ఏళ్ళుగా అటకమీద పడి ఉన్నవి, శుభ్రంగా కడిగితే తళతళలాడుతున్నాయి.

కమలాక్షి అంగడికి పోయి మల్లప్పను అడిగింది. మల్లప్పకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సారు కోసం చేసే ఆఖరి పని అని వేరేవాళ్ళ చేతికివ్వలేదట. ఊరి బయట వంకలో, ముళ్ళకంపల దగ్గర, ఒక్కొక్కటి బయటికి తీసి రాతితో కొట్టాడట. ఆ సట్లు మహా గట్టివి, మన కుండల మాదిరి ఒక దెబ్బకు పోయేవి కాదన్నాడు.

"ఒగటి గూడా ఇడ్సలేదమ్మా. సారుకు ఏం బాకీ పెట్టుకోలేదు."

మంచి పని చేశావప్పా అంది కమలాక్షి. అనక తప్పలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక ఒక్కతే వంకకు పోయింది. నీళ్ళు లేవు, ఇసుకా కంపలూ. చోటు వెతుక్కోనక్కరలేకపోయింది. తుప్పు రంగు, బూడిద రంగు, తేనె రంగు పెంకులు వాలు వెలుతురులో మెరుస్తూ గుట్టగా పడి ఉన్నాయి. విరిగిన చోట లోపలి మట్టి కనబడుతోంది, ఆమె చెప్పినట్టే. ఎంగిలాకులూ సారా సీసాలూ వాటిమీద అప్పుడే చేరాయి. ఏ పెంకు దేనిదో ఆమెకు తెలుసు. వంగి ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. మల్లప్ప పని శుభ్రంగానే చేశాడు.

కంప మొదట్లో ఒక గిన్నె బోర్లా పడి ఉంది. దొర్లిపోయి అతని కంట పడనట్టుంది. ముళ్ళు గీరుకుంటున్నా చెయ్యి పెట్టి లాగింది. అంచు చూసింది, అడుగు చూసింది, వేలితో మీటి విన్నది. ఎక్కడా బీట లేదు. ఆమెకు గుండె ఆగినంత సంతోషం వేసింది. ఒక్కటి చాలు అనుకుంది. మిగతావన్నీ పోయినా ఈ ఒక్కటీ చాలు. ఇక బీరువాలో పెట్టను, రోజూ ఇందులోనే తాగుతాను అనుకుంది. ఇసుక తుడిచి, పమిట కొంగులో చుట్టి, గుండెకు ఆనించుకుని ఇంటిదారి పట్టింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి కాలు ఆగింది.

ఇంట్లో ఎవరూ లేరు. ఇది లోపలికి తేవద్దనే మనిషి సోమలలో ఉంది. వీధిలో చూసేవాళ్ళు కూడా లేరు. ఇది మట్టి, కాల్చిన మట్టి, పైన గాజులాంటి పూత, ఇది ఏదీ పీల్చుకోదు. ఈ సంగతి కాలేజీ పిల్లలకు ఆమె చెప్పగలదు. కొంగు విప్పి గిన్నెను వెలుతురులోకి ఎత్తి చూసింది. వేలి గుర్తులు ఉన్నాయి. పూత జారి ఆగిన చోటు ఉంది. అన్నీ ఉన్నాయి. అయినా ఎంతసేపు చూసినా ఒకప్పటి గిన్నె కనబడలేదు. హాల్లో దక్షిణానికి తల పెట్టి పడుకున్న మనిషి, ఆ పక్కన అద్దం, అద్దంలో ఇది. అంతే కనబడింది. ఇందులో కాఫీ పోసుకుని నోటికి ఆనించుకోవడం ఊహించుకోబోయి, గిన్నెను మొహానికి దూరంగా జరిపింది. ఆయన పోనీ, ఎక్కడికో ఒకచోటికి పోనీ అనిపించింది. తనకే అలా అనిపించిందని తెలిసి భయం వేసింది.

నంజమ్మ తీసుకుపోయింది గోతాల్లో పట్టేవి మాత్రమే అని ఇప్పటిదాకా అనుకుంది.

గిన్నెను ప్రహరీగోడకు బయట, మురుగుకాలవ గట్టుమీద పెట్టింది. పెట్టాక మళ్ళీ చూడలేదు. గేటు తీసుకుని, వాకిట్లో కొళాయి తిప్పి, శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు కడుక్కునేలాగ కాళ్ళు మడమలదాకా కడుక్కుని లోపలికి పోయింది.