సిస్టర్ లెక్కలో పద్దెనిమిది

బయలుదేరేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: మా బావమరిదిని అడిగి ఒక్క రోజుకి తెచ్చుకున్న ఇరవై సీట్ల వ్యాను, ట్యాంకు నిండా డీజిలు, ఇరవై ఆరేళ్లుగా నడుస్తున్న పరదాలూ దుప్పట్ల దుకాణం, ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెడతానని బజారులో పేరు, నాతో కలిపి పదిహేడు మంది జనం.

ఆ పదిహేడు దగ్గరే పేచీ వచ్చింది.

తల్లి కడుపులోని బిడ్డల ప్రాణానికి రక్షణ కావాలంటూ రాజధానిలో ఏటా ఒక పెద్ద ర్యాలీ జరుగుతుంది. మా ఊరి కాలేజీలోని కతోలిక విద్యార్థుల సంఘం దానికి వెళ్లడానికి బస్సు మాట్లాడుకుంది. ముందురోజు మధ్యాహ్నం బస్సువాడు చేతులెత్తేశాడు. ఆ సంఘానికి సెక్రటరీ మా అమ్మాయే. దుకాణానికి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, మావయ్య వ్యాను అడగవా?"

"అడుగుతాను. నడిపేదెవరు?"

"నువ్వు లేవూ?"

"రేపు శనివారమే తల్లీ. బేరాలున్న రోజు."

"అమ్మ కూర్చుంటుందిలే. అమ్మ కూర్చున్న రోజే సరుకు ఎక్కువ పోతుందని నువ్వే అన్నావట."

"నేనెప్పుడన్నాను?"

"అమ్మ చెప్పింది."

ఒప్పుకున్నాను. చర్చిలో ముందు వరసలో కూర్చునేవాణ్ణి, కాదంటే బాగుండదు. పైగా మూడేళ్లుగా ఎవరూ అడగని నిమ్మపండు రంగు పరదా గుడ్డ తాను ఒకటి మూలన పడి ఉంటే బ్యానరుకని ఇచ్చేశాను. ఒక వైపు సాదా, రెండో వైపు చిన్న చిన్న పువ్వులు. అమ్ముడుపోని సరుకు దేవుడికివ్వడంలో ఉన్న సుఖం వ్యాపారం చేసేవాళ్లకే తెలుస్తుంది. పిల్లలు సాదా వైపు 'ప్రతి ప్రాణమూ విలువైనదే' అని నీలం రంగుతో రాశారు.

ఇక అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ వ్యానులో నాకు తప్ప అందరికీ తెలిసిన విషయం ఒకటుంది. పగలు మా దుకాణంలో పనిచేసి సాయంత్రం కాలేజీలో చదువుకునే అమ్మాయి కూడా ఆ సంఘంలో మనిషే. ఆమెకి మూడో నెల. భర్త ఎక్కడో ఓడరేవులో క్రేను నడుపుతూ నెలకోసారి వస్తాడు. బిడ్డ పుట్టబోతోందన్న సంతోషం ఎంతుందో, ఆ సంగతి నా చెవిన పడితే ఉద్యోగం ఊడుతుందన్న భయమూ అంతే ఉంది ఆ పిల్లకి.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మా దుకాణంలో అరలు కప్పు దాకా ఉంటాయి. పై సరుకు దించాలంటే నిచ్చెన ఎక్కాలి. ఈ పిల్లకి ముందు పనిచేసినామెకి ఆరో నెల వచ్చినప్పుడు, "నిచ్చెన ఎక్కలేవు కదమ్మా, ఇంటిపట్టున విశ్రాంతి తీసుకో" అని రెండు మంచి దుప్పట్లు చేతిలో పెట్టి పంపించాను. వారం తిరక్కుండా ఇంకొకరిని పెట్టుకున్నాను. అది నా మంచితనమని చాలాకాలం అనుకున్నాను కూడా. ఆమె ఇప్పుడు ఎదురు వీధిలోని దుప్పట్ల దుకాణంలో ఉంది. నా పాత గిరాకీ కొంత అక్కడికే పోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

తెల్లవారి ఆరు గంటలకి అందరూ ఎక్కారు. పిల్లల వెంట పెద్దదిక్కుగా కాన్వెంటు లెక్కల సిస్టర్ వచ్చింది. నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పింది ఆవిడే. సంవత్సరం పరీక్షలో నాకు నలభైకి పదకొండు వేసిన చెయ్యి అది. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు, చేతికర్ర, అదే చూపు.

"ఎంతమంది రా?" అంది వెనక సీట్లోంచి.

"పదిహేడు, సిస్టర్."

సిస్టర్ లేచి, కర్ర చివరతో ఒక్కొక్కరినీ చూపిస్తూ వ్యాను ఆ చివరి దాకా వెళ్లొచ్చింది. "పద్దెనిమిది," అంది.

నేను దిగి, వెనక తలుపు తెరిచి, మళ్లీ లెక్కపెట్టాను. పదిహేడే. పిల్లలందరూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. ఆవిడ వయసు గుర్తుచేసుకుని నేనే ఊరుకున్నాను.

గంట దూరం వెళ్లామో లేదో, "అంకుల్, ఆపండి!" అని అరిచారు. దుకాణం అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు పక్కకి పరుగెత్తింది. వెంటనే మైకు కూడా పరుగెత్తాడు. మైకు అంటే సంఘంలో నినాదాలిచ్చే కుర్రాడు. చేతిలో మైకు లేకపోయినా గొంతు అలాగే ఉంటుంది.

"నాక్కూడా తిప్పుతోంది అంకుల్!" అన్నాడు.

"నాక్కూడా," అని ఇంకో ఇద్దరు దిగారు. నలుగురూ వరసగా కాలవ వైపు వంగి నిలబడ్డారు. ముగ్గురి నోట్లోంచి చప్పుడే తప్ప ఇంకేమీ రాలేదు.

"ఏం తిన్నార్రా పొద్దున్నే?"

"ఏమీ తినలేదు అంకుల్," అన్నాడు మైకు.

"మరేం కక్కుతున్నావు?"

వాడు గబగబా వ్యాను ఎక్కేశాడు. మామూలుగా వీళ్ల నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు మాత్రం పదిహేను నోళ్లూ బిగిసిపోయాయి. అలా దారిలో నాలుగుసార్లు ఆపాం. దారిలో మొదలుపెట్టిన జపమాల ప్రార్థన ఒక చుట్టు పూర్తికావడానికి ఎంత దూరం పట్టిందో తర్వాత చెబితే మా చర్చి ఫాదర్ నమ్మలేదు.

పదకొండుకి ఒక పెట్రోలు బంకు పక్కన చెట్లకింద పొట్లాలు విప్పాం. రొట్టె, రెండేసి ఉడికించిన గుడ్లు, అరటిపండు. మా ఆవిడ సరిగ్గా పదిహేడు కట్టింది. పంచడం సిస్టర్ చేతికి వెళ్లింది. చివర్లో, "ఒకటి తక్కువొచ్చింది," అంది.

"పదిహేడు మందికి పదిహేడు పొట్లాలు సిస్టర్. ఎవరికి తక్కువొచ్చింది?"

"పద్దెనిమిదో వాళ్లకి." తన పొట్లంలోని గుడ్లు రెండూ తీసి దుకాణం అమ్మాయికిచ్చింది. ఆ పిల్ల వద్దువద్దంటూనే నాలుగూ తినేసింది.

నేను ఊరుకోవచ్చు కదా? "దుకాణంలో ఇంత ఆకలి ఎప్పుడూ చూడలేదే నీకు! ఇలాగైతే నువ్వు కునుకు తీస్తుంటే మధ్యాహ్నం బేరాలు నేనొక్కణ్ణే చూసుకోవాలి కాబోలు," అన్నాను నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల గుడ్డు పెంకులు ఏరి కాగితంలో చుట్టింది. మా అమ్మాయి నా కాలు తొక్కింది. వేలాకోళం మోటుగా ఉందని తొక్కిందనుకున్నాను.

రాజధానిలో జనం వేలల్లో ఉన్నారు. మా బ్యానరుకి రెండు కర్రలు. ఒకటి నేను పట్టుకున్నాను, రెండోది దుకాణం అమ్మాయి పట్టుకుంది. వెనకనుంచి చూసినవాళ్లకి పువ్వుల పరదా నడిచిపోతున్నట్టుంది. ఎవరో పెద్దావిడ నా పక్కకొచ్చి, "గుడ్డ బాగుంది బాబూ, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. మూడేళ్లకి మొదటి గిరాకీ. ర్యాలీలో వ్యాపారం పనికిరాదని ఊరుకున్నాను. దుకాణం చిరునామా మాత్రం చెప్పాను.

చివర్లో మైదానంలో ఒక్కో ఊరివాళ్లనీ రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు తన మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మాటలు అమ్ముకుని బతికేవాణ్ణి, నాకు భయమేముంటుంది? "బిడ్డని కనాలంటే బతుకుతెరువు పోతుందేమోనని ఏ ఆడపిల్లా భయపడే రోజు రాకూడదు. అలాంటి తల్లికి అండగా నిలబడటం మనందరి బాధ్యత," అన్నాను. ఎక్కడో విన్న మాటే, బాగా అతికింది. చప్పట్లు మోగిపోయాయి. మా వాళ్లు మాత్రం నా వైపు కాకుండా బ్యానరు రెండో కర్ర వైపు చూస్తున్నారు. కర్ర పట్టుకుంది కాబట్టి ఆ పిల్ల చప్పట్లు కొట్టలేకపోయిందనుకున్నాను. తల తిప్పకుండా నన్నే చూస్తోంది.

నాలుగింటికి వ్యాన్లు ఆపే చోటికి చేరాం. ఎక్కేముందు మళ్లీ లెక్క. ఈసారి నాకు పదహారే వచ్చాయి.

"సిస్టర్, మీరు చూడండి."

సిస్టర్ కర్ర తిప్పింది. "పదహారే," అంది.

హమ్మయ్య, పొద్దుటినుంచి మొదటిసారి ఇద్దరి లెక్కా కలిసింది అనుకున్నాను. మరుక్షణం వేళ్లు మడిచి మళ్లీ లెక్కేశాను. సరుకు అమ్ముకునేవాడికి కూడికకన్నా తీసివేత బాగా వస్తుంది. నా పదిహేడు పదహారైంది. సిస్టర్ పద్దెనిమిది కూడా పదహారే అయింది. నా లెక్కలో ఒకరు తగ్గితే ఆవిడ లెక్కలో ఇద్దరు తగ్గారు.

ఎవరు లేరో చూశాను. దుకాణం అమ్మాయి లేదు. కాలవ పక్కన వాంతులు, నాలుగు గుడ్లు, నా కాలి మీద మా అమ్మాయి చెప్పు, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి వరసలో నిలబడ్డాయి. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాణ్ణి, పేగుల పక్కన ఉన్న మనిషిని వదిలేశాను.

"నాకొక మాట చెప్పొచ్చు కదా సిస్టర్?"

"చెప్పనని ఆ పిల్లకి మాటిచ్చాను."

"మరి పొద్దుటినుంచి పద్దెనిమిది, పద్దెనిమిది అని..."

"రహస్యం దాస్తానన్నాను గానీ తప్పు లెక్క చెబుతాననలేదు. లోపలున్నదీ మనిషేనని చెప్పడానికే కదరా ఇంత దూరం వచ్చాం. తలలు లెక్కపెట్టేటప్పుడు వదిలేస్తానా? వెళ్లు, ఆ మూసేసిన బ్యాంకు మెట్ల మీద కూర్చుంది. నీ తప్పు నువ్వే దిద్దుకో."

చుట్టిన బ్యానరు వీపుకి దన్నుగా పెట్టుకుని కూర్చుని ఉంది ఆ పిల్ల. నన్ను చూడగానే లేవబోయింది.

"కళ్లు తిరిగాయి సార్. రెండు నిమిషాల్లో వచ్చేస్తాను."

"కూర్చోమ్మా. ఎన్నో నెల?"

బ్యానరు చుట్ట ఒళ్లోకి లాక్కుంది. తర్వాత గబగబా అంది: "నిచ్చెన ఎక్కగలను సార్. ఏడో నెల దాకా ఎక్కుతాను. మా అమ్మ ఏడో నెలలో గోడలకి సున్నం కొట్టింది."

"నిచ్చెన సంగతి నేనడగలేదు కదా."

"మీరు అడగరు సార్. రెండు దుప్పట్లు ఇస్తారు."

నేనూ మెట్టు మీద కూర్చున్నాను.

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"చెబితే ఏం చేసేవారు సార్?"

దానికి నా దగ్గర జవాబుంది. పైకి చెప్పేలాంటిది కాదు. ఆ పిల్ల నా మొహంలోనే చదువుకుంది. మూడేళ్లు నా కింద పనిచేసింది, గిరాకీ మొహం చదవడం నేర్పింది నేనే.

"మన దుకాణం ముందు బోర్డు మీద ఏముంది సార్?"

"ఒకే మాట, ఒకే ధర."

"వారం వారం దాన్ని తుడిచేది నేనే. నిచ్చెన ఎక్కి. ఇందాక మైకులో మీరన్న మాట అన్ని ఊళ్లవాళ్లూ విన్నారు."

దొరికిపోయాను. "సరే, ఏం కావాలో చెప్పు."

"మూడు నెలలు సెలవు. ఆ మూడు నెలలకీ ఎవరినైనా పెట్టుకోండి, నేనొచ్చేసరికి నా చోటు నాకుండాలి. కూర్చోడానికి ఒక స్టూలు."

"మూడంటే ఎక్కువమ్మా. రెండు."

"నాలుగు."

"అదేంటి, పెరుగుతోంది?"

"కొనేవాళ్లు గింజుకుంటున్నారంటే సరుకు కావాలన్నట్టే, అప్పుడు తగ్గకూడదని మీరే చెప్పారు సార్."

"మూడు. ఖాయం."

"ఖాయం," అని అప్పుడు ఏడ్చింది. బ్యానరు అంచుతో కళ్లు తుడుచుకుంటే, ఇంకా పూర్తిగా ఆరని నీలం రంగు బుగ్గకి అంటింది.

వ్యాను ఎక్కాక సిస్టర్ అడిగింది, "ఎంతమంది రా?"

"పద్దెనిమిది."

పిల్లలు చేసిన గోలకి కిటికీలు అదిరాయి. "అబ్బ, కడుపుబ్బిపోయింది నాన్నా నీకు చెప్పకుండా ఉండలేక!" అంది మా అమ్మాయి. సిస్టర్ తీరిగ్గా జపమాల తీసి, "నలభైకి పన్నెండు," అంది.

సోమవారం పై అరల సరుకంతా కిందకి దించాను. నిచ్చెన చర్చికిచ్చేశాను. సరుకు చేతికందేలా ఉండేసరికి గిరాకీ తామే ముట్టుకుని చూసుకుంటున్నారు, ముట్టుకున్నది కొంటున్నారు. ఇరవై ఆరేళ్లు ఈ సంగతి తెలియలేదు. ఎదురు వీధికి కూడా వెళ్లాను. నేను పంపించేసిన ఆమెతో నాలుగు మాటలు చెప్పి వద్దామనుకున్నాను. అంతా విని, "సరేలెండి," అంది. నాకు రెండు దుప్పట్లు అమ్మింది. పైసా తగ్గించలేదు.

ఆరు నెలలకి పాప పుట్టింది. నిమ్మపండు రంగు గుడ్డ తానంతా పొత్తిగుడ్డలకి పోయింది. రంగు ఎంత ఉతికినా వదల్లేదు, ఒక్కో గుడ్డ మీద ఒక్కో అక్షరం. సెలవు మూడు నెలలని ఖాయం చేసుకున్నాం కానీ నాలుగైంది. ఆ నాలుగో నెల మా ఆవిడ ఇచ్చింది, నన్నడగలేదు.

మొన్న సిస్టర్ దిండు గలీబుల కోసం దుకాణానికొచ్చింది. వస్తూనే, "ఎంతమంది రా?" అంది. నేను, మా ఆవిడ, స్టూలు మీద దుకాణం అమ్మాయి, ఒళ్లో పాప, సిస్టర్. అందరినీ కలుపుకునే చెప్పాను, "ఐదుగురు."

"ఆరుగురు."

అమ్మాయి వైపు చూశాను, కాదన్నట్టు తలూపింది. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడకి యాభై రెండు. "ఏంటా చూపు?" అంది. ఇంతలో వేలాడదీసిన పరదాల వెనకనుంచి ఒక పెద్దావిడ బయటికొచ్చింది. రాజధానిలో గుడ్డ బాగుందన్న ఆవిడే. నిమ్మపండు రంగుది ఉందా అని అడిగింది.

కాబట్టి మొత్తం మీద తేలిన లెక్క ఇది. చేతినుంచి పోయినవి ఒక నిచ్చెన, ఒక తాను గుడ్డ, అది కూడా గిరాకీ వచ్చేసరికే అయిపోయింది. చేతికి వచ్చినవి ఒక పాప నవ్వు, దానికి పడిపోయి బేరమాడకుండా కొనేసే ఆడవాళ్లు, పోకుండా నిలిచిన పనిమంతురాలు ఒకతె, ఇంకా ఎనిమిదో తరగతి లెక్కల్లో ఒక మార్కు.