సమ్మక్క కుడితి తొట్టి

తార్నాకలో యూనివర్సిటీ ప్రహరీని ఆనుకుని సమ్మక్క బర్రెల కొట్టం ఉంది. ఆ వేసవిలో గ్లోరీ తెల్లవారేసరికి అక్కడ ఉండేది. పేడ ఎత్తి, నేల కడిగి, పచ్చగడ్డి వేసి, చివరికి తొట్టిలో కుడితి కలిపేది. చూడి బర్రె తాగడానికి తల వంచితే ఆ తొట్టిలో దాని ముఖం కనబడదు, కడుపులోని దూడ కనబడుతుంది. అది అందరికీ తెలిసిన సంగతే. క్యాంపస్‌లో వాకింగ్‌కి వచ్చేవాళ్ళు పాలు పోయించుకుంటూ ఓసారి తొంగిచూసి, "బాగానే ఎదుగుతోంది" అనుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

గ్లోరీ వాళ్ళ నాన్న ప్రేమ్ కుమార్ యూనివర్సిటీలో క్లర్కు. కాకినాడ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా ప్యాంటు మీద ఒక్క మరక పడనివ్వని మనిషి. కూతురు పశువుల డాక్టరవుతానంటే షరతు పెట్టాడు.

"నెల రోజులు పేడ ఎత్తి చూడమ్మా. ఆ తర్వాత కూడా అదే మాట మీదుంటే సరే. లేదంటే నోరెత్తకుండా ఇంజినీరింగ్‌లో చేరాలి."

మొదటి రోజే గ్లోరీ తొట్టిని సర్ఫ్‌తో తళతళలాడేలా తోమేసింది. ఇంకేముంది, వారం పాటు అందులో ఏ దూడా కనబడలేదు. ఇంకొకరైతే తరిమేసేవాళ్ళు. సమ్మక్క నెత్తి కొట్టుకుని, "పాచి పట్టేదాంక చేతితోని చూడు, బిడ్డా" అని గ్లోరీ అరచేతిని చూడి బర్రె లచ్చి కడుపుకు ఆనించింది. లోపల దూడ తన్నింది. తన చదువు ఆ వారమే మొదలైందని గ్లోరీ ఇప్పటికీ అంటుంది.

నెత్తురు చూస్తే మాత్రం ఆమెకు కళ్ళు తిరిగేవి. ఆ సంగతి నాన్నకు చెప్పలేదు.

నెల నిండిన రోజే వెటర్నరీ కౌన్సెలింగ్. ఏదో ఒకటి తేల్చుకుందామని ప్రేమ్ కుమార్ పొద్దున్నే స్కూటర్ మీద వచ్చేసరికి లచ్చి ఈనలేక నేల మీద పడి ఉంది. దూడ ముందు గిట్టలు బయటికి వచ్చాయి, తల రాలేదు. వారం కిందట జారిపడిన సమ్మక్క కుడిచేయి సిమెంటు కట్టులో ఉంది.

"డాక్టరు ఉప్పల్‌ల ఉన్నడంట, గంట పడతది. అప్పటిదాంక దూడ బతకది. నువ్వే చెయ్యి పెట్టాలె, బిడ్డా."

"నా వల్ల కాదు పెద్దమ్మా. తల ఎటు తిరిగిందో కూడా తెలీదు."

"తొట్టి ఉన్నది గద."

కానీ లచ్చి లేవలేదు. సమ్మక్క గేటు వైపు చూసింది. "సారూ, గట్ల నిలబడితే ఎట్ల? తొట్టిలకెల్లి పాచితోని కుడితి బకెట్ల ముంచుకొచ్చి దీని మూతి కాడ పట్టుండ్రి."

ఇస్త్రీ ప్యాంటుతో ఆయన పేడలో మోకాళ్ళ మీద కూర్చుని బకెట్లోకి చూశాడు. గ్లోరీ మోచేయి దాటేదాకా ఆముదం రాసుకుని, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టింది.

"తల ఎడం పక్కకి మడిచేసిందమ్మా... కాదు కాదు, నీళ్ళల్లో కదా, కుడి పక్కకి!"

"నొప్పి తగ్గనియ్యి," అంది సమ్మక్క. "గిప్పుడు లోపలికి నెట్టు. మూతి దొరికిందా?"

"దొరికింది."

మోచేతి మీదుగా నెత్తురు కారుతోంది. గ్లోరీ కళ్ళు తెరిచి చూసింది. కళ్ళు తిరగలేదు.

"వస్తోంది! ఇంకొంచెం! ప్రభువా, ఇంకొంచెం!" అని ప్రేమ్ కుమార్ ఆఫీసులో ఎవరూ వినని గొంతుతో అరిచాడు.

బకెట్ అక్కడే దించి ప్రేమ్ కుమార్, ఎడమచేత్తో సమ్మక్క కూడా పట్టారు; ముగ్గురూ కలిసి లాగితే దూడ గడ్డి మీద పడి తుమ్మింది. బకెట్లో ఇప్పుడు లచ్చి ముఖమే కనబడుతోంది. లచ్చి దూడను నాకింది, ఆ తర్వాత గ్లోరీ చేతిని భుజం దాకా నాకింది. గ్లోరీ దాని మెడ పట్టుకుని ఏడ్చేసింది.

దూడ తాగాక మొదటి జున్నుపాలు చెయ్యి పెట్టినవాళ్ళ ఇంటికి పంపడం ఆ కొట్టంలో ఆనవాయితీ. సమ్మక్క రెండు చెంబులు నింపింది.

"చెయ్యి పెట్టినోళ్ళకొకటి, చూసి చెప్పినోళ్ళకొకటి."

ప్రేమ్ కుమార్ చెంబు అందుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "మా అమ్మాయికి చదువు చెప్పారు. ఎలా చెప్పాలో తెలీట్లేదు, చాలా థాంక్సండీ."

స్కూటర్ దగ్గర గ్లోరీ ఆయన ప్యాంటు వైపు చూసింది. "ఇంటికెళ్ళి బట్టలు మార్చుకోవా నాన్నా?"

"లేటయిపోద్దమ్మా, ఎక్కు. వెటర్నరీ వాళ్ళే కదా, పేడ వాసనకి ఏమీ అనుకోరులే."