ఎద గీత

తెల్లవారి పాలు పిండడం అయ్యేసరికి రాజనర్సు జేబులో సుద్దముక్క వెచ్చబడింది. ముక్కు కొనకు అంటిన పాలనురుగును అతను తుడుచుకోలేదు, అదంటే అతనికి ఇష్టం. చమురు డబ్బు వెల్లువెత్తి దోహాకు పాలు చాలని ఏడు అది. అల్ షహానియా ఊరు దాటాక ఉన్న ఆ డెయిరీలో, ఎదకొచ్చిన ఆవును కనిపెట్టి తోక మొదట్లో గీత గీయడం రాజనర్సు డ్యూటీ. గీత పడిన ఆవుకు ఆబోతు విత్తనం ఎక్కించే చూలు సూది వేయడం జహాంగీర్ పని. నిజామాబాద్ మనిషి. ఇద్దరిదీ ఒకే గది.

రెండు నెలల్లో మూడు ఆవులకు చూలు నిలవలేదు. తప్పు ఎవరిదైతే వాళ్లు ఈ గురువారం ఇంటికి విమానం ఎక్కాల్సిందేనని సూపర్‌వైజర్ లియాఖత్ అలీ అన్నాడు. ఆనాటి నుంచి రాజనర్సు జహాంగీర్ చేతుల్ని, జహాంగీర్ రాజనర్సు సుద్దను కాపలా కాస్తున్నారు.

ఇవాళ గురువారం. నలభై ఒకటో నంబరు ఆవు అరిచింది. పక్క ఆవు మీదికి ఎక్కబోయింది. రాజనర్సుకి ప్రాణం లేచొచ్చింది. ఊళ్లో వాళ్లింట ఉన్నది ఒక్కటే బర్రె. అది అరిచిందంటే ఆ పూటే దున్న దగ్గరికి తోలుకుపోయేవాడు. ఆవు నడుం నిమిరి, ముచ్చటగా గీత గీశాడు.

"పొద్దుగూకకముందే ఎయ్యి భాయ్."

జహాంగీర్ తల అడ్డంగా ఊపాడు. "ఇది ఎక్కుతున్నది గని, ఇంకోటి ఎక్కితే నిలవడతలేదు. ఇయ్యాల కాదు."

"మొన్నటి మూడు ఆవులకీ గీత పడ్డ పూటనే ఏస్తివి గదా?"

"సూపర్‌వైజర్ నెత్తిమీద కూసుంటే ఏసిన. అందుకే పోయినయి. నీ ఇంటి బర్రె అనుకున్నవా నర్సన్నా, అరవంగనే ఉరకనీకి?"

ఆ మాట రాజనర్సుకి గుచ్చుకుంది. తన గీతను అబద్ధం చేసి, తననే విమానం ఎక్కించే ఎత్తు ఇది. తొట్టి కడుగుతున్నంతసేపూ అదే ఆలోచన. పది గంటలకు సూపర్‌వైజర్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"సాబ్, జహాంగీర్ సూది ఏయనంటున్నడు."

అంతే అన్నాడు. మధ్యాహ్నానికి ఎయిర్‌పోర్టుకు పోయే పికప్ వచ్చింది. జహాంగీర్ సూట్‌కేసు వెనక పడేసి, "ఆవును చూసుకో నర్సన్నా," అని ఎక్కి కూర్చున్నాడు.

సాయంత్రం దోహా నుంచి పశువుల డాక్టర్ ఫరీదుద్దీన్ వచ్చాడు. ఆయనది హైదరాబాద్. భుజం దాకా తొడుగు వేసుకుని ఆవు లోపల చేయి పెట్టి, కళ్లు మూసుకుని వెతికాడు.

"గుడ్డుండే బుడగ ఇంకా గట్టిగున్నది, పగల్లేదు. గీత ఎవరిది?"

"నాదే సాబ్. పొద్దుగాల అరిచింది."

"అరుపు చూస్తే ఎట్ల? గుడ్డు అన్ని దినాలు బుడగల నిద్రపోతది. ఎద మొదలైనంకనే మేల్కొని పండుతది. పండినంకనే బుడగ పగులుతది. ఒక పగలు, ఒక రాత్రి పడ్తది. ముందే ఏస్తే, గుడ్డు వచ్చేసరికి విత్తనం సచ్చిపోయుంటది."

కట్టు విప్పగానే ఇంకో ఆవు వచ్చి ఎక్కింది. నలభై ఒకటి కదల్లేదు. నాలుగు కాళ్లూ పాతినట్టు నిలబడింది.

"ఇగో, ఇప్పుడు ఎద. రేపు పొద్దుగాల ఎయ్యాలె. ఏడి జహాంగీర్? వానికి తెలుసు గదా."

"పోయిండు సాబ్," అన్నాడు రాజనర్సు. "నేనే పంపిన."

డాక్టర్ తొడుగు విప్పి బకెట్లో పడేశాడు.

గదిలో జహాంగీర్ పరుపు చుట్టి ఉంది. కిటికీ గట్టు మీద, రేపటి పొద్దుటి కోసం అతను నానబోసిన శనగలు స్టీలు గ్లాసు అంచుదాకా ఉబ్బి ఉన్నాయి.